గడ్డి చేమంతిని గుర్తుపట్టేది పువ్వును చూసి కాదు: అనంతపురం బీళ్లలో మొదలుపెట్టేవారికి అడుగడుగు మార్గదర్శి

"ఇది గడ్డి చేమంతేనా?" అని అడుగుతూ నాకు వచ్చే ఫోటోలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. పువ్వుకు ఫోను ఆనించి తీసిన బొమ్మ. లేత రంగు రేకులు అయిదు, నడుమ పసుపు ముద్ద, వెనుక అంతా మసక. ఆకు కనిపించదు, కాడ కనిపించదు, మొక్క నిలబడిందో నేల మీద పాకిందో తెలియదు. దాన్ని బట్టి పేరు చెప్పమనడం నుదుటి బొట్టు చూపించి మనిషి ఎవరో చెప్పమన్నట్టే ఉంటుంది.

ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసి అలసిపోయి, పని క్రమం మొత్తాన్ని ఇక్కడ పెడుతున్నాను. చేమంతి కుటుంబమేనా అని ఒక పువ్వును చీల్చి తేల్చుకున్నాక, ముందు మొక్క, తర్వాత కాండం, ఆకు, పువ్వు కాడ, పువ్వు వెనుక భాగం. పువ్వు ముఖం ఆ తర్వాతే. చివర గింజ. ఈ వరుసను తలకిందులు చేసినవారే ఎక్కువగా పొరబడుతున్నారు.

1. ముందు పేరు సంగతి తేల్చుకోండి

గడ్డి చేమంతి, గాయపాకు, నల్లాలం, పలకాకు, రావణాసురుడి తలకాయ: ఇవన్నీ ఒకే మొక్క పేర్లు. దీని ఆకుతో పలక తుడిచిన తరం పలకాకు అంది, దెబ్బ మీద పసరు పిండినవారు గాయపాకు అన్నారు. చిక్కు ఎక్కడంటే, గడ్డిలో పూసే చిన్న పువ్వు ఏదైనా సరే దాన్ని గడ్డి చేమంతి అనేసేవారూ ఉన్నారు. కాబట్టి నోటు పుస్తకంలో ఊరిపేరుతో పాటు శాస్త్రీయ నామం కూడా రాసుకోవాలి: ట్రైడాక్స్ ప్రోకంబెన్స్.

ట్రైడాక్స్ అనేది ప్రజాతి పేరు. ఇందులో దాదాపు 30 జాతులున్నాయి. అన్నీ అమెరికా ఖండాల ఉష్ణ ప్రాంతాలవి, ఎక్కువ భాగం మెక్సికోవి. మన దేశమంతటా కలుపుగా పరుచుకున్నది మాత్రం ప్రోకంబెన్స్ ఒక్కటే. ఇది మనకు మంచి సౌలభ్యం. రాయలసీమ బీడులో నిలబడి ప్రజాతి ట్రైడాక్స్ అని తేల్చగలిగితే జాతి కూడా తేలిపోయినట్టే.

2. ఎప్పుడు వెళ్లాలి, ఏమి పట్టుకెళ్లాలి

నీటి చెమ్మ ఉంటే ఇది ఏడాది పొడవునా పూస్తుంది. అయితే అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో బీడుకు వెళితే ఎండిన కాడలే దొరుకుతాయి. ఆ రోజుల్లో చీనీ తోటల్లో డ్రిప్పు పైపుల వెంట వెతకండి, అక్కడ పచ్చగా ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఆగస్టు నుంచి డిసెంబరు వరకు అనువైన కాలం. అప్పుడు మొగ్గ, పువ్వు, గింజ మూడూ ఒకే మొక్క మీద కనిపిస్తాయి.

ఎండ పడి మంచు ఆరిన తర్వాత వెళ్లండి. తెల్లవారుజామున వెళితే పువ్వులు విప్పారి ఉండవు, గింజల కుచ్చులు తడిసి ముద్దగా అంటుకుని ఉంటాయి.

వెంట ఉండవలసినవి:

- పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం
- పాత బ్లేడు లేదా గుండుసూది
- చిన్న స్కేలు
- నోటు పుస్తకం, పెన్సిలు (పెన్ను వద్దు, తడి తగిలితే రాత చెదురుతుంది)
- కలుపు తీసే చిన్న పార, ఒక సీసా నీళ్లు
- పాత వార్తాపత్రికలు, రెండు అట్టలు, తాడు
- చేతి తొడుగులు

చివరిది ఎందుకో తొమ్మిదో భాగంలో తెలుస్తుంది. దాన్ని మాత్రం ఇంట్లో మరిచిపోవద్దు.

వేరుశనగ చేను గట్టున వెతకబోతే ఆ వారంలో కలుపు మందు కొట్టారేమో రైతును అడగండి. మందు తగిలిన మొక్క ఆకులు ముడుచుకుని ఆకారం చెడిపోతుంది, పైగా ఆ మందు మీ చేతికి అంటుతుంది. రోళ్లపాడు వంటి అభయారణ్యాల్లో, రిజర్వు అడవుల్లో అనుమతి లేకుండా ఏదీ పెరకకూడదు. అంత దూరం వెళ్లవలసిన పనీ లేదు, ఈ మొక్క బస్టాండు గోడ వెంబడే ఉంటుంది.

3. అసలు చేమంతి కుటుంబమేనా?

పల్లేరు పువ్వు ఫోటో పంపి గడ్డి చేమంతి అన్నవారు నలుగురైదుగురు ఉన్నారు. పల్లేరుకూ పసుపు రేకులు అయిదే, అదీ నేల మీదే పాకుతుంది. తేడా తెలియాలంటే ఒక పువ్వును నిలువుగా రెండుగా చీల్చాలి.

పల్లేరులో అయిదు రేకులు, కొన్ని కేసరాలు, మధ్యలో ఒక్క కాయ. అది ఒకటే పువ్వు. గడ్డి చేమంతిని చీలిస్తే లోపల సన్నని గొట్టాలు పక్కపక్కనే కిక్కిరిసి నిలబడి ఉంటాయి. ఆ గొట్టాల్లో ప్రతి ఒక్కటీ ఒక పూర్తి పువ్వు. మనం రేకులు అనుకున్నవి కూడా విడి పువ్వులే. అంటే కాడ చివర ఉన్నది పువ్వు కాదు, పువ్వుల జాతర. ఇంటర్మీడియట్ వృక్షశాస్త్రంలో చదివిన శీర్షవద్విన్యాసం ఇదే.

ఈ ఒక్క పరీక్షతో చేమంతి, బంతి, పొద్దుతిరుగుడు ఉన్న ఆస్టరేసి కుటుంబం ఒకవైపు, మిగతావన్నీ మరోవైపు తేలిపోతాయి. గొట్టాలు కనిపించకపోతే అక్కడితో ఆపేయండి, కింది మెట్లేవీ ఆ మొక్కకు పనికిరావు.

4. మొక్కను దూరం నుంచి చూడండి

రెండడుగులు వెనక్కి వేయండి. గడ్డి చేమంతి పూర్తిగా నిటారుగా లేవదు, పూర్తిగా పాకదు కూడా. కొమ్మలు మొదట నేల మీద వాలి, చివరలు మాత్రం తల ఎత్తుతాయి. నేలకు ఆనిన కణుపుల దగ్గర వేళ్లు దిగవచ్చు. ఒక కొమ్మను మెల్లగా లేపి చూడండి, ఎక్కడైనా నేలను పట్టుకుని ఉంటే రాసుకోండి.

నడుము ఎత్తున గుబురుగా నిలబడిన మొక్క అయితే అది వేరేది.

5. కాండం, ఆకు

తొడుగులు తీయకుండానే కాండాన్ని వేళ్ల మధ్య తిప్పండి. గరుకు వెంట్రుకలు తగలాలి. తుంచితే పాలు రాకూడదు. తెల్లని పాలు కారాయంటే అది అదే కుటుంబంలో మరో తెగ.

ఆకుల్లో ముందు చూడవలసింది అమరిక. ఒక్కో కణుపు దగ్గర రెండు ఆకులు ఎదురెదురుగా ఉండాలి. ఒకటి ఇటు, తర్వాతిది ఇంకొంచెం పైన అటు అన్నట్టుంటే గడ్డి చేమంతి కాదు. దాదాపు సగం తప్పులు ఇక్కడే దొరికిపోతాయి.

ఆకు పొడవు సాధారణంగా 2 నుంచి 6 సెంటీమీటర్లు ఉంటుంది. అంచుకు మొరటు రంపపు పళ్లు, కొన్నిటికి లోతైన గాట్లు. రెండు వైపులా వెంట్రుకలు. ఇక్కడ కొలతను పట్టుకుని వేలాడవద్దు. ఎండకు మాడిన ఎర్రనేలలో ఆకు చిన్నబడుతుంది, తోటలో నీడకు పెరిగినది వెడల్పవుతుంది. అమరిక, అంచు, వెంట్రుకలు నమ్మదగినవి. కొలత తోడు సాక్ష్యం మాత్రమే.

మా వైపు వేరుశనగ చేలలో కలుపు తీసే ఆడవారు దీన్ని పూత రాకముందే, నాలుగాకుల మొక్కగా ఉన్నప్పుడే పట్టేస్తారు. ఎలా తెలుస్తుందని ఒకామెను అడిగితే, ఆకు తడిమి చూపించి ఊరుకుంది. నాకు దొరికిన మొదటి పాఠం అదే.

6. పువ్వు కాడ, పువ్వు వెనుక భాగం

కాడ ఆకులు లేకుండా, సన్నగా, పొడవుగా ఉంటుంది. బెత్తెడు నుంచి జానెడు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువ. దాని చివర ఒక్కటంటే ఒక్కటే పూల తల. కాడ చీలిపోయి నాలుగైదు తలలు ఉంటే అనుమానించండి.

ఇప్పుడు పూల తలను వెనక్కి తిప్పండి. ఈ పని ఎవరూ చేయరు! వెనుక గంట ఆకారంలో ఒక పచ్చని గిన్నె ఉంటుంది. అది రెండు మూడు వరుసల చిన్న ఆకులతో అల్లినది. బయటి వరుస వెంట్రుకలతో ఉంటుంది, ఒక్కోసారి ఊదా రంగు తిరుగుతుంది. మొగ్గగా ఉన్నప్పుడు లోపలి పువ్వులను కాపాడేది ఈ గిన్నే. ఫోటో తీస్తే ముఖానికి ఒకటి, ఈ వెనుక వైపుకు ఒకటి తప్పనిసరిగా తీయండి.

7. పూల తలను విప్పి చూడడం

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది, తొందర లేకుండా చేయండి. నీడలో కూర్చుని, తెల్ల కాగితం మీద ఒక పూల తలను పెట్టి బ్లేడుతో నిలువుగా కోయండి.

మొదట అంచు పువ్వులు. సాధారణంగా అయిదు, కొన్నిటికి మూడు, నాలుగు లేదా ఆరు. రంగు లేత పసుపు లేదా మీగడ తెలుపు. ఒక్కోదాని కొనను భూతద్దంతో చూస్తే మూడు పళ్లుగా చీలి కనిపిస్తుంది. ఇవి ఆడ పువ్వులు, వీటిలో కేసరాలు ఉండవు.

తర్వాత నడిమి పువ్వులు. చిక్కని పసుపు గొట్టాలు, ఒక్కోదాని నోరు అయిదు చిన్న పళ్లుగా విచ్చుకుంటుంది. ఇవి ద్విలింగ పువ్వులు. ఒకదాన్ని సూదితో విడదీసి పొడవుగా చీల్చండి. కేసరాల పుప్పొడి తిత్తులు ఒకదానికొకటి అంటుకుని గొట్టంలా ఉంటాయి, ఆ గొట్టం మధ్య నుంచి కీలం (పువ్వు ఆడ భాగపు సన్నని కాడ) పైకి వస్తూ పుప్పొడిని బయటికి తోస్తుంది. ఒకే తలలో బయటి వరుసలు ముందు విచ్చుకుని, లోపలివి ఇంకా మొగ్గలుగా ఉంటాయి. పసుపు సీతాకోకచిలుకలు, చిన్న నీలి సీతాకోకచిలుకలు ఒకే తల మీద అంతసేపు ఎందుకు నిలబడతాయో ఇప్పుడు అర్థమవుతుంది. అక్కడ తేనె గిన్నె ఒకటి కాదు, పదులకొద్దీ ఉన్నాయి.

మూడోది చాలామంది వదిలేస్తారు. పువ్వులన్నిటినీ లాగేశాక అడుగున మిగిలే దిమ్మెను చూడండి. నడిమి పువ్వుల మధ్య మధ్య పలుచని పొరల్లాంటి పొట్టు రేకులు నిలబడి ఉంటాయి. ట్రైడాక్స్ లక్షణాల్లో ఇదీ ఒకటి.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

- ఒక్క తల చూసి అంచు పువ్వులు నాలుగే అని తీర్పు ఇవ్వడం. మూడు వేర్వేరు మొక్కల నుంచి కనీసం పది తలలు లెక్కపెట్టండి.
- మిట్టమధ్యాహ్నం ఫోటో తీసి అంచు పువ్వులు తెల్లనివని రాయడం. ఎండకు ఫోనులో మీగడ రంగు తెల్లగా వెలిసిపోతుంది. మీ నీడ పువ్వు మీద పడేలా నిలబడి తీయండి.
- వాడిన తలను కోయడం. గొట్టాలు ముద్దయిపోయి ఏమీ కనిపించదు. ఆ ఉదయం విచ్చుకున్నదే తీసుకోండి.

8. గింజ

అనుమానం ఎంత ఉన్నా గింజ దగ్గర తీరిపోతుంది. ముదిరిన తల బూడిద రంగు దూది బంతిలా ఉంటుంది. రావణాసురుడి తలకాయ అనే పేరు ఈ దశను చూసే పుట్టి ఉంటుందని నా ఊహ. పూర్తిగా ఎండిన బంతి నుంచి ఒక గింజను లాగండి.

గింజ సుమారు 2 మిల్లీమీటర్ల పొడవు, ముదురు గోధుమ నుంచి నలుపు రంగు, ఒంటి నిండా నూగు. తల మీద కుచ్చు. ఆ కుచ్చులోని ఒక్క వెంట్రుకను భూతద్దం కింద పెట్టండి. అది సాదా వెంట్రుక కాదు, ఇరువైపులా సన్నని పీలికలతో పక్షి ఈకలా ఉంటుంది. అంచు పువ్వుల గింజలకు కుచ్చు పొట్టిగా, నడిమి పువ్వుల గింజలకు పొడవుగా ఉంటుంది. రెండూ ఏరి పక్కపక్కన పెట్టి చూడండి.

ఫ్యాను కింద ఈ పని పెట్టుకోకండి. నేను ఒకసారి పెట్టుకుని గదంతా ఎగిరిన గింజలను రెండు రోజులు ఊడ్చాను.

9. పొరబడే మొక్కలు

వయ్యారిభామ. అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు ఇదే. దీనికీ తెల్లని తలలు, దీనికీ అంచు పువ్వులు అయిదే. కానీ మొక్క నిటారుగా లేస్తుంది, ఆకులు క్యారెట్ ఆకుల్లా లోతుగా చీలి ఒకదాని తర్వాత ఒకటిగా ఉంటాయి, తలలు నాలుగైదు మిల్లీమీటర్లే ఉండి గుత్తులుగా పూస్తాయి. దీన్ని ముట్టుకుంటే కొందరికి చర్మం మీద దద్దుర్లు వస్తాయి, పుప్పొడికి ఉబ్బసం రేగుతుంది. పేరు తేలేంత వరకు చేతి తొడుగులు తీయకండి అనేది అందుకే. గాయానికి పసరు పిండుకోవచ్చా అని అడిగేవారికీ నా జవాబు ఇదే: రోడ్డు పక్క దుమ్ము, మందుల జల్లు, పొరపాటున వయ్యారిభామ, ఇన్ని అవకాశాలున్నప్పుడు తెగిన చర్మం మీద పెట్టకండి. శుభ్రమైన నీటితో కడిగి కట్టు కట్టుకోండి.

గుంటగలగర. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి అయిదో మెట్టు దాటేస్తుంది. అయితే ఇది తడి నేల మొక్క. కర్నూలు-కడప కాలువ (కె.సి. కెనాల్) గట్ల మీద, వరి మడుల పక్కన చూడండి. అంచు పువ్వులు అయిదు కాదు, దారాల్లాంటివి బోలెడు, అన్నీ తెలుపే. తలలు ఆకు పంగల్లో పొట్టి కాడల మీద వస్తాయి. గింజకు ఈకల కుచ్చు లేదు. అన్నిటికన్నా తేలిక పరీక్ష: లేత కాండాన్ని వేళ్ల మధ్య నలిపి కొన్ని నిమిషాలు ఆగండి. రసం నల్లబడితే గుంటగలగర. గడ్డి చేమంతి రసం అలా నల్లబడదు.

సహదేవి. ఊదా రంగు తలలు, అంచు పువ్వులు అసలే లేవు. పూత మీద ఉంటే పొరబడరు. పూత రాలి కుచ్చు మిగిలినప్పుడే తికమక. ఆకుల అమరిక చూడండి, ఇందులో ఎదురెదురుగా ఉండవు.

వికోవా. బీళ్లలో సన్నగా నిటారుగా లేచే పసుపు చేమంతి. అంచు పువ్వులు సన్నగా చాలా ఉంటాయి, ఆకు మొదలు కాండాన్ని చుట్టి పట్టుకుంటుంది, ఆకులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి.

బోడతరం. వరి కోసిన మడుల్లో గులాబీ, ఊదా రంగు గుండు బంతులు. కాండానికి రెక్కలుంటాయి. నిజానికి దీనితో పొరబడడం కష్టం, అయినా అడిగారు కాబట్టి రాస్తున్నాను.

10. నమూనాను నొక్కి ఆరబెట్టడం

పేరు తేలిన తర్వాత ఒక నమూనా దాచుకోండి. మరుసటి ఏడు అనుమానం వస్తే సరిచూసుకునేందుకు ఫోటో కన్నా ఇదే నమ్మకం.

- మొక్క చుట్టూ నీళ్లు పోసి అయిదు నిమిషాలు ఆగండి. గట్టి ఎర్రనేలలో పొడిగా లాగితే వేరు తెగిపోతుంది. తడిశాక పారతో వేరుతో సహా లేపండి.
- వేళ్ల మట్టి కడిగి, తడి ఆరనివ్వండి.
- వార్తాపత్రిక మడత మధ్య పరచండి. ఒకటి రెండు ఆకులను వెనక్కి తిప్పి పెట్టండి. ఒక తల ముఖం పైకి, మరొకటి వెనుక పైకి ఉండాలి.
- పైనా కిందా అట్టలు పెట్టి తాడుతో బిగించి, మీద బరువు పెట్టండి.
- మొదటి మార్పు ఇరవై నాలుగు గంటల్లో. ఆ తర్వాత రోజూ పొడి కాగితం మార్చండి. అక్టోబరు ముసురులో రోజుకు రెండుసార్లు.

మొదటి ఏడు నేను చేసిన నమూనాలన్నీ పాడయ్యాయి. కారణాలు రెండు. కాగితం మార్చడంలో బద్ధకించాను, బూజు పట్టింది. రెండోది ఈ కుటుంబానికే ప్రత్యేకమైన తంటా. కోసిన తర్వాత కూడా పూల తలలు అట్టల మధ్య ముదురుతూనే పోయి, విప్పి చూసేసరికి పువ్వు స్థానంలో దూది మిగిలింది. మందు ఏమిటంటే, బాగా విచ్చిన తలలను తీసేసి, అప్పుడే విచ్చుకుంటున్న వాటినే నొక్కాలి, తొందరగా ఆరనివ్వాలి. ముదిరిన గింజల తలలను వేరే కాగితం పొట్లంలో కట్టి నమూనా పక్కన అతికించాలి.

ఆరిన మొక్కను సుమారు 42 సెంటీమీటర్ల పొడవు, 28 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న మందపాటి తెల్ల కాగితం మీద దారంతో కుట్టండి, లేదా సన్నని కాగితం పట్టీలతో అతికించండి. ప్లాస్టిక్ టేపు వాడవద్దు, రెండేళ్లలో పసుపుపచ్చబడి ఊడిపోతుంది. పెట్టెలో కలరా ఉండలు వేసి ఉంచండి. ఇంకా అనుమానముంటే ఈ కాగితాన్ని పట్టుకుని దగ్గరలోని కళాశాల వృక్షశాస్త్ర విభాగానికి వెళ్లవచ్చు. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో అయితే ఎండు నమూనాల భాండాగారమే ఉంది.

11. చీటీ

చీటీ లేని నమూనా ఎండుగడ్డితో సమానం. కాగితం కుడివైపు అడుగు మూలన అతికించండి, అదే రోజు రాయండి. ఎండితే పోయే వివరాలను, ముఖ్యంగా రంగును, తప్పకుండా పట్టుకోవాలి. ఒక మాదిరి ఇది:

ట్రైడాక్స్ ప్రోకంబెన్స్. ఆస్టరేసి. ఊరిపేరు: గడ్డి చేమంతి, పలకాకు.
చోటు: అనంతపురం జిల్లా, గుత్తి నుంచి తాడిపత్రి వెళ్లే రోడ్డు పక్క, వేరుశనగ చేను గట్టు.
నేల: ఎర్రనేల, గులకరాళ్లు.
మొక్క: వాలి, కొనలు లేచినది, ఆకులు ఎదురెదురుగా, పాలు లేవు.
పువ్వు: అంచువి మీగడ రంగు, పది తలల్లో ఎనిమిదింటికి అయిదేసి, రెండింటికి నాలుగేసి, నడిమివి పసుపు.
గింజ: ఈకల కుచ్చు ఉంది, పొట్లంలో.
తేదీ, సేకరించినవారి పేరు, వరుస సంఖ్య.